పూల అత్తరులో తేనె వాసన: ఇంట్లో తూచి కలుపుకునే పద్ధతి

"అత్తరులో తేనె వాసన రావాలంటే ఏం కలపాలండీ?" ఇంట్లో సెంట్లు కలుపుకోవడం మొదలుపెట్టిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొందరైతే ముందే ప్రయత్నం చేసేసి, "తేనె పోశాను, అడుగున దిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అని ఫొటో పంపుతారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను.

నేనూ మొదట చేసింది అదే. మల్లె అత్తరు సీసాలో అర చెంచా తేనె పోసి గట్టిగా ఊపాను. ఊపినంతసేపూ తెల్లగా కలిసినట్టే ఉంది. తెల్లారి చూస్తే సీసా అడుగున ఎర్రటి పూసలా కూర్చుని ఉంది. పైన నూనెలో మల్లె వాసన తప్ప తేనె జాడే లేదు. తేనెలో దాదాపు అంతా చక్కెర, నీళ్లు. అవి నూనెలో కలవవు, ఆల్కహాల్లోనూ నిలవవు. చక్కెరకు వాసన లేదు కాబట్టి ఎలాగోలా కలిపినా మిగిలేది చర్మం మీద జిగట, చొక్కా మీద మరక, పక్క మీద చీమలు.

సెంట్లలో మనకు తెలిసే తేనె వాసన రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి తేనెతుట్టె మైనం. రెండోది ఫినైల్ ఎసిటేట్లు అనే రసాయనాల కుటుంబం. ఈ కుటుంబం పలచగా ఉంటే తేనె, చిక్కగా ఉంటే గుర్రాలశాల. ఇంతకుమించి థియరీ అక్కర్లేదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

తూకానికి: 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు. బంగారం కొట్టువాళ్లు వాడే జేబు త్రాసు లాంటిది ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. చుక్కలతో లెక్కపెట్టే పద్ధతి మానేయండి. ఒక్కో డ్రాపర్ చుక్క ఒక్కో బరువు ఉంటుంది, అందుకే ఇవాళ బాగా కుదిరింది రేపు కుదరదు.

పాత్రలు: 10 మి.లీ. గోధుమ రంగు గాజు సీసాలు ఓ డజను, వాడి పారేసే డ్రాపర్లు, చిన్న గాజు గ్లాసు, సీసాలకు అంటించే లేబుళ్లు. పెళ్లిళ్లలో నీళ్లిచ్చే పెళుసైన ప్లాస్టిక్ గ్లాసులు వాడకండి. బెంజైల్ ఎసిటేట్ లాంటివి వాటిని కరిగించేస్తాయి, ఆ ప్లాస్టిక్ మీ సెంటులోకే వస్తుంది.

పూల భాగానికి: ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ (గులాబీ వాసన), హెడియోన్ (పలచటి మల్లె, గాలి ఆడినట్టుండే వాసన), లినలూల్ (లావెండర్ లాంటి తాజా పూల వాసన), బెంజైల్ ఎసిటేట్ (అరటిపండు ఛాయ ఉన్న మల్లె వాసన).

తేనె భాగానికి: ఫినైల్ ఇథైల్ ఫినైల్ ఎసిటేట్, మిథైల్ ఫినైల్ ఎసిటేట్, బీస్‌వ్యాక్స్ అబ్సల్యూట్ (తేనెతుట్టె మైనం నుంచి తీసిన చిక్కటి వాసన సారం). పేర్లు నోరు తిరగనివే, కానీ సెంటు ముడిసరుకు అమ్మేవాళ్లకు ఇవి రోజూ వినే పేర్లు. చిన్న పరిమాణాల్లో అడగండి. మొదటి రెండూ 10 గ్రాముల చొప్పున కొంటే చాలా కాలం వస్తాయి. అబ్సల్యూట్ ఖరీదెక్కువ, 1 గ్రాము చాలు.

పలచన చేయడానికి: ఐసోప్రొపైల్ మిరిస్టేట్. అందరూ ఐ.పి.ఎం. అంటారు. వాసన లేదు, నూనెలో కలుస్తుంది.

చివర్లో కలిపే నూనె: ఫ్రాక్షనేటెడ్ కొబ్బరి నూనె (గడ్డకట్టే భాగం తీసేసినది) లేదా జొజోబా (ఒక ఎడారి మొక్క గింజల నూనె). మామూలు కొబ్బరి నూనె చలికాలం గడ్డకడుతుంది, దాని వాసన కూడా అడ్డం వస్తుంది.

కొనేముందు మూడు హెచ్చరికలు.

తేనె వాసనకు ఫినైల్ ఎసిటిక్ యాసిడ్ వాడాలని మీరు ఎక్కడో చదివి ఉంటారు. అది నిజమే, కానీ దాని జోలికి వెళ్లకండి. మాదకద్రవ్యాల తయారీకి దుర్వినియోగం అవుతుందని 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని నిఘా పెట్టిన రసాయనాల పట్టికలో చేర్చింది. పైన చెప్పిన రెండు ఫినైల్ ఎసిటేట్లతో మన పని జరిగిపోతుంది.

రెండోది, పలచన చేయడానికి షాపువాళ్లు డి.పి.జి. అనే ద్రవం ఇస్తారు. ఆల్కహాల్ స్ప్రేకి అది మంచిదే. కానీ నూనె అత్తరులో కలవదు, తెల్లగా పొగబట్టి అడుగుకు దిగుతుంది. "అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, మబ్బుగా వచ్చింది" అని అడిగేవాళ్లలో సగం మంది వాడినది ఇదే.

మూడోది, స్ప్రే కావాలని హార్డ్‌వేర్ షాపులో స్పిరిట్ కొనకండి. అందులో మిథనాల్ ఉండొచ్చు, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. శానిటైజర్ కూడా పనికిరాదు, దాని ఘాటు తేనెను మింగేస్తుంది. సెంట్లకని అమ్మే ఆల్కహాల్ సక్రమంగా దొరికితేనే స్ప్రే. లేదంటే నూనె అత్తరే హాయి.

చేసే విధానం

1. ముందు ముక్కుకు నమూనా చూపించండి.

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, నేను మాత్రం దీని దగ్గరే ఎక్కువసేపు ఆగమంటాను. తేనె వాసన అనగానే మన బుర్రలోకి తీపి వస్తుంది. ఆ తీపి కోసం వెనిలా ఎసెన్స్ పోస్తారు. అప్పుడు వచ్చేది పాయసం వాసన. అసలు తేనె వాసనలో తీపి కొంతే. మిగతాది పుప్పొడి, మైనం, ఎండుగడ్డి, అడుగున కొంచెం పశువుల కొట్టం.

ఒక చెంచా తేనెను అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో కలిపి వాసన చూడండి. సీసా మూత దగ్గర కంటే ఇలా బాగా తెలుస్తుంది. తర్వాత పసుపు రంగు మైనం ముక్కను అరచేతిలో పిసికి చూడండి. ఎండిన పొగడ పూలు దొరికితే గుప్పెడు తెచ్చుకోండి. వాడిపోయినా, ఎండినా వాసన పోని పువ్వు అది. పూలలో ఉండే తేనె వాసన ఎలా ఉంటుందో నాకు తెలిసి పొగడ చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. ఆదిలాబాద్ వైపు వాళ్లకైతే ఇప్పపూలు ఉండనే ఉన్నాయి.

మూడూ చూశాక నోట్‌బుక్‌లో మీ మాటల్లో రాసుకోండి. "బెల్లం", "కొత్త అగ్గిపెట్టె", "తాటాకు" లాంటి మాటలు వచ్చినా పర్వాలేదు. రేపు మీ అత్తరు కుదిరిందో లేదో తేల్చేది ఆ మాటలే.

2. తేనె సరుకును పలచన చేసి పెట్టుకోండి.

ఫినైల్ ఇథైల్ ఫినైల్ ఎసిటేట్: 1.00 గ్రా. సరుకు, 9.00 గ్రా. ఐ.పి.ఎం. ఇది 10 శాతం ద్రావణం. ఈ సరుకు 27, 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చలికాలం హైదరాబాద్‌లో సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, మే నెల విజయవాడలో నీళ్లలా ఉంటుంది. గడ్డకడితే పాడైందని పారేయకండి. మూత బిగించి, సీసాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టండి.

మిథైల్ ఫినైల్ ఎసిటేట్: దీన్ని రెండుసార్లు పలచన చేయాలి. 1.00 గ్రా. సరుకు, 9.00 గ్రా. ఐ.పి.ఎం. కలిపి 10 శాతం చేయండి. అందులోంచి 1.00 గ్రా. తీసి మళ్లీ 9.00 గ్రా. ఐ.పి.ఎం.లో కలపండి. ఇప్పుడు 1 శాతం అయింది. మనం వాడేది ఇదే. 10 శాతం సీసాను వేరే అరలో పెట్టేయండి, పొరపాటున చేయి దానిమీదికే పోతుంది.

బీస్‌వ్యాక్స్ అబ్సల్యూట్: 0.50 గ్రా. సరుకు, 4.50 గ్రా. ఐ.పి.ఎం. ఇది ముద్దలా ఉంటుంది. టూత్‌పిక్‌తో తీసి, వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టి కరిగించండి. చల్లారాక అడుగున కొంచెం మైనం పొడిలా దిగొచ్చు. పైన తేరినది వాడుకోండి.

ఇంత పలచన ఎందుకంటే, మన త్రాసు 0.01 గ్రాము కంటే తక్కువ చూపలేదు. 2 మిల్లీగ్రాములు వేయాలంటే నేరుగా తూచలేం. 1 శాతం ద్రావణం 0.20 గ్రా. వేస్తే సరిగ్గా అంతే పడుతుంది.

ప్రతి సీసా మీద పేరు, శాతం, తేదీ రాయండి. లేబుల్ రాశాకే మూత తీయండి. మూడు తెల్లటి ద్రావణాలు లేబుల్ లేకుండా పక్కపక్కన ఉంటే ఏది ఏదో ఏ ముక్కూ చెప్పలేదు.

3. పూల భాగం కలపండి.

చిన్న గాజు గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నా చేసి, ఒక్కొక్కటే తూచండి:

ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 3.80 గ్రా.
హెడియోన్ 2.80 గ్రా.
లినలూల్ 0.80 గ్రా.
బెంజైల్ ఎసిటేట్ 0.60 గ్రా.

మొత్తం 8.00 గ్రాములు. కావాలనే రెండింతలు చేయిస్తున్నాను. సగం ఇప్పుడు వాడతాం, సగం మూతపెట్టి దాస్తాం. తేనె మోతాదు మించితే మిమ్మల్ని కాపాడేది ఆ రెండో సగమే.

లినలూల్ కొత్తది వాడండి. మూత వదులుగా ఉండి ఏళ్లు గడిచిన లినలూల్ గాలి తగిలి మారిపోతుంది, చర్మానికి దురద పెట్టేది అదే.

4. తేనె భాగాన్ని విడతలుగా వేయండి.

పూల భాగంలోంచి 4.00 గ్రా. ఒక 10 మి.లీ. సీసాలోకి తూచండి. దీనికి వేయాల్సిన తేనె భాగం ఇది:

ఫినైల్ ఇథైల్ ఫినైల్ ఎసిటేట్, 10 శాతం: 0.50 గ్రా.
బీస్‌వ్యాక్స్ అబ్సల్యూట్, 10 శాతం: 0.30 గ్రా.
మిథైల్ ఫినైల్ ఎసిటేట్, 1 శాతం: 0.20 గ్రా.

అంతా కలిపి 5.00 గ్రాముల అకార్డ్, అంటే వాసనలన్నీ కలిసి ఒక్కటిగా పలికే మిశ్రమం. ఇందులో ఐ.పి.ఎం. తీసేస్తే అసలు తేనె సరుకు 82 మిల్లీగ్రాములే. "ఇంతేనా?" అనిపిస్తుంది. ఇంతే.

మొదటి రెండూ పూర్తిగా వేసేయండి. మిథైల్ ఫినైల్ ఎసిటేట్ మాత్రం ముందు 0.10 గ్రా. వేసి, మూతపెట్టి మెల్లగా తిప్పి, కాగితం మీద ముంచి చూడండి. పూలు కొంచెం ముగ్గినట్టు, తెల్లవారి మల్లె సాయంత్రపు మల్లె అయినట్టు అనిపించాలి. తర్వాత మిగతా 0.10 వేయండి. కొందరి ముక్కుకు మొదటి 0.10తోనే సరిపోతుంది. అలా అయితే అక్కడే ఆపండి, సంఖ్యను నోట్‌బుక్‌లో మార్చుకోండి. నా సంఖ్య మీకు హద్దు మాత్రమే.

5. వారం రోజులు వదిలేయండి.

కలిపిన రోజు ఈ అకార్డ్ ముక్కలుముక్కలుగా ఉంటుంది. పైన బెంజైల్ ఎసిటేట్ అరటిపండులా, కింద మైనం వేరుగా తెలుస్తాయి. వంటింటి గట్టుకూ కిటికీకీ దూరంగా, బట్టల అలమారాలో పెట్టండి. రోజూ మూత తీసి చూడొద్దు. ఏడో రోజున తీయండి.

6. కాగితం మీద మూడు రోజుల పరీక్ష.

డ్రాయింగ్ షీటు లాంటి మందపాటి కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. నున్నటి కాగితం పనికిరాదు, పీల్చుకోదు. పట్టీ చివర అర సెంటీమీటరు ముంచి, బట్టల క్లిప్పుకు పెట్టి, ఖాళీ స్టీలు గ్లాసు అంచుకు నిలబెట్టండి. పక్కనే ఇంకో పట్టీ, తేనె కలపని పూల భాగంలో ముంచినది, పెట్టండి. ఈ రెండో పట్టీ లేకుండా చేసే పరీక్షకు అర్థం లేదు. తేడా చూస్తేనే తేనె తెలుస్తుంది.

మొదటి పది నిమిషాల్లో రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. లినలూల్, బెంజైల్ ఎసిటేట్ పైన ఉంటాయి. ఇప్పుడే తేనె గుప్పున కొడితే మోతాదు ఎక్కువైనట్టే.

రెండు మూడు గంటల తర్వాత తేనె పట్టీలో గులాబీ గుండ్రంగా, బరువుగా మారుతుంది. రెండో పట్టీలో పలచబడుతుంది.

మర్నాటికి పూల పట్టీలో హెడియోన్ సన్నగా మిగులుతుంది. తేనె పట్టీలో మైనం, ఎండుగడ్డి, దాని మీద గులాబీ.

మూడో రోజు తేనె పట్టీ దగ్గర ఇంకా వాసన ఉండాలి. ఫినైల్ ఇథైల్ ఫినైల్ ఎసిటేట్ రోజుల తరబడి కాగితాన్ని వదలదు. ఒకసారి పట్టీని టేబుల్ మీద మరిచిపోతే, నాలుగో రోజు మా అమ్మ గది తుడుస్తూ "ఎక్కడైనా పట్టు పట్టిందేమో చూడరా" అని కిటికీ పైభాగం వెతికింది. తేనెపట్టు అనుకుంది. నాకు ఆ మాటకంటే పెద్ద సర్టిఫికెట్ ఇంకేం కావాలి?

ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించండి. "తేనె వాసన వస్తోందా?" అని అడక్కండి, అలా అడిగితే అవుననే అంటారు. రెండు పట్టీలూ ఇచ్చి "ఏది ఎక్కువ ముగ్గినట్టుంది?" అనండి.

7. నూనెలో కలపండి.

1.00 గ్రా. అకార్డ్, 9.00 గ్రా. నూనె, ఒక రోల్-ఆన్ సీసా. ముందు ఒక చెంచాలో రెండు చుక్కలు కలిపి చూసి, మబ్బు రాకపోతేనే మొత్తం కలపండి. మబ్బు వస్తే ఎక్కడో డి.పి.జి. ఉందని అర్థం, లేదా సీసా తడిగా ఉంది. గోరువెచ్చగా చేస్తే కాసేపు తేటపడుతుంది గానీ చల్లారగానే మళ్లీ అదే. మొదటినుంచి చేయడమే మేలు.

నూనెలో కలిపాక ఇంకో రెండు వారాలు ఆగితే బాగుంటుంది. స్ప్రే కంటే నూనె వాసన నెమ్మదిగా లేస్తుంది కాబట్టి తేనె తక్కువైందని తొందరపడి ఇంకా వేయకండి.

8. చర్మం మీద పరీక్ష.

మోచేతి మడత లోపల ఒక్క చుక్క రాసి ఒక రోజంతా చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా కడిగేసి, ఆ సీసా వాడకండి. పసిపిల్లలకు రాయొద్దు. తేనె, మైనం పడనివాళ్లు అబ్సల్యూట్ మానేయండి. మరో మాట: నిమ్మ, బెర్గమాట్ లాంటి తొక్క నూనెలు మీ సొంతంగా కలిపితే, అది రాసుకున్న చోట ఎండ తగలనివ్వకండి, మచ్చలు పడతాయి. పైన ఇచ్చిన లెక్కలో అలాంటివి లేవు.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం

మూత్రం వాసన, గుర్రాలశాల వాసన. అందరికీ కనీసం ఒకసారి జరిగేది ఇదే. మిథైల్ ఫినైల్ ఎసిటేట్ మించింది, లేదా 1 శాతం బదులు 10 శాతం సీసా తీశారు. పారేయకండి. దాచిన రెండో సగం పూల భాగం 4.00 గ్రా. అందులో పోయండి. తేనె దాదాపు సగానికి దిగుతుంది. 10 శాతం సీసాతో పొరపాటు జరిగి ఉంటే మాత్రం అది ఎంత కలిపినా లొంగదు, కొత్తగా మొదలుపెట్టండి. ఈ విషయంలో అందరి ముక్కులూ ఒకటి కావు. సెర్జ్ లుటాన్స్ అనే ఫ్రెంచ్ సెంట్ల సంస్థ 2005లో తెచ్చిన మియెల్ ద బ్వా అనే తేనె సెంటు ఒకరికి తేనెపట్టు, ఇంకొకరికి భరించలేని మూత్రం వాసన. అంత చేయితిరిగిన వాళ్ల సెంటుకే ఇలా రెండు మాటలు వచ్చాయంటే, మనం ఇంకొకరి చేత చూపించకుండా సీసా బహుమతిగా ఇవ్వకూడదు.

తేనె అసలు తెలియడం లేదు. సరుకు పెంచే ముందు బయటికెళ్లి అరగంట ఆగి రండి. ముక్కు అలిసిపోతే మొదట తెలియకుండా పోయేవి ఇలాంటి మెత్తటి వాసనలే. కాఫీ గింజలు వాసన చూడాలంటారు, నా అనుభవంలో మీ సొంత చొక్కా చేతిని వాసన చూసినా అంతే. అప్పటికీ తెలియకపోతే 10 శాతం ఫినైల్ ఇథైల్ ఫినైల్ ఎసిటేట్ 0.10 గ్రా. పెంచండి. మిథైల్‌ను పెంచకండి. ఒకటి బరువునిస్తుంది, రెండోది అరుస్తుంది.

సబ్బు వాసన వస్తోంది. లినలూల్ ఎక్కువైంది. ఈసారి సగం వేసి, ఆ లోటు హెడియోన్‌తో నింపండి.

కొవ్వొత్తి వాసన వస్తోంది. అబ్సల్యూట్ ఎక్కువ, లేదా అది మంచిది కాదు.

ఏ పువ్వుకు ఎలా మార్చాలి

పైన ఇచ్చినది గులాబీ వైపు ఉంటుంది. మల్లె కావాలంటే 4.00 గ్రాముల పూల భాగాన్ని ఇలా మార్చండి: ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 0.90, హెడియోన్ 1.90, బెంజైల్ ఎసిటేట్ 0.80, లినలూల్ 0.40. అసలైన మల్లె అబ్సల్యూట్ గానీ, ఇండోల్ (మల్లెలో ఉండే ఒక రసాయనం) గానీ చేర్చేటట్టయితే మిథైల్ ఫినైల్ ఎసిటేట్‌ను సగానికి తగ్గించండి. ఇండోల్ తనంతట తానే పశువుల కొట్టం వైపు లాగుతుంది, రెండూ కలిస్తే పువ్వు మిగలదు.

మొగలి నాకు ఇష్టమైన దారి. ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి అత్తరుకు పేరు, మన ఇచ్ఛాపురం దాటితే అదే. మొగలి వాసనకు మూలమైన రసాయనం మన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు దగ్గర చుట్టం, అందుకే తేనెతో అతుకు తెలియకుండా కలుస్తుంది. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌లో 0.20 గ్రా. తగ్గించి ఆ చోట మొగలి అత్తరు 0.20 గ్రా. వేయండి. అంతకు మించితే మిఠాయి కొట్టు గుర్తొస్తుంది.

మిమోసా అనే పసుపు పూల లాంటి పొడిపొడి తేనె ఇష్టమైతే దాని అబ్సల్యూట్ దొరుకుతుంది గానీ ధర ఎక్కువ. దానికి చుట్టమైన చెట్టు మనకూ ఉంది. పొలం గట్ల మీద ముళ్ల కొమ్మలకు పసుపు బంతుల్లా పూసే కస్తూరి తుమ్మ. ఫ్రాన్స్‌లో గ్రాస్ పట్టణం చుట్టూ దాన్ని సెంటు కోసమే పెంచేవాళ్లు. ఆ పూత కనబడితే ఒకసారి ఆగి వాసన చూడండి, మొదటి మెట్టులో రాసుకున్న మాటల పక్కన ఇంకో రెండు చేరతాయి.

రసాయనాలు వద్దనుకుంటే: మైనపు అత్తరు

బీస్‌వ్యాక్స్ అబ్సల్యూట్ కొనలేనివాళ్లకు కూడా ఇదే మంచి దారి. ఇక్కడ మైనమే తేనె వాసన ఇస్తుంది.

తేనెతుట్టె మైనం 5 గ్రా., జొజోబా లేదా బాదం నూనె 15 గ్రా., మీకు నచ్చిన గులాబీ, మల్లె లేదా మొగలి అత్తరు 1 గ్రా. రసాయనాలతో ఇబ్బంది లేనివాళ్లు అత్తరు బదులు పైన చేసిన అకార్డ్ 1 గ్రా. కూడా వేయొచ్చు.

పని అంతా మైనం ఎంపికలోనే ఉంది. తెల్లటి బిళ్లలుగా అమ్మేది శుద్ధి చేసిన మైనం, వాసన పోయి ఉంటుంది. పసుపుది కావాలి. పారఫిన్ కలిసిందేమో చూడటానికి ముక్క విరవండి. మంచి మైనం విరిగిన చోట గరుకుగా, రవ్వరవ్వగా ఉంటుంది, వేళ్ల మధ్య పిసికితే మెత్తబడి ముద్దవుతుంది. పారఫిన్ ఎక్కువైతే జారుడుగా ఉంటుంది, పిసికితే పొరలుగా రాలుతుంది. కొండ తేనె అమ్మేవాళ్లు తెలిసినవాళ్లయితే, పిండేసిన తుట్టె అడిగి తెచ్చుకోండి. దాన్ని చల్లటి నీళ్లలో బాగా కడిగి, నీళ్లతో సహా సన్నని సెగ మీద కరిగించి, పాత నూలుగుడ్డలో వడకట్టండి. చల్లారితే నీళ్ల మీద పసుపు బిళ్లగా తేలుతుంది. అడుగున అంటిన మడ్డి గీకేయండి. మొదటిసారి తుట్టె కరుగుతున్నప్పుడు వంటిల్లంతా నిండిన ఆ వాసన, కొన్న ఏ అబ్సల్యూట్‌లోనూ నాకు పూర్తిగా దొరకలేదు.

మైనాన్ని తురిమి నూనెతో కలిపి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు, మైనం అంటుకుంటుంది. అది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నీళ్లు తెర్లాల్సిన పనే లేదు. ఎక్కువ కాగితే రంగు మారి తేనె వాసన తగ్గుతుంది. కరిగాక దించి, గిన్నె అంచున మైనం కొంచెం మబ్బు కట్టడం మొదలవగానే అత్తరు వేసి తిప్పి, చిన్న డబ్బాల్లో పోయండి. మరీ వేడిగా ఉండగా వేస్తే పువ్వు వాసన ఆవిరైపోతుంది. ఆలస్యమైతే గడ్డలు కడుతుంది.

తడి పూలు మాత్రం ఇందులో వేయకండి. ఆ నీళ్లకు నూనె పులిసి బూజు పడుతుంది.

చల్లారాక వేలితో నొక్కి చూడండి. వేలు జారుతూ పల్చటి పూత అంటాలి. గోరుతో గీకాల్సి వస్తే మైనం ఎక్కువైంది, మళ్లీ కరిగించి 2 గ్రా. నూనె కలపండి. ఏప్రిల్, మే నెలల్లో చేసేటట్టయితే ముందే మైనం 6 గ్రా., నూనె 14 గ్రా. పెట్టుకోండి, లేకపోతే హ్యాండ్‌బ్యాగులో కరిగి కారుతుంది.

దాచుకోవడం

నూనె అత్తరు, అకార్డ్ రెండూ గోధుమ రంగు గాజులో, నీడలో. సీసా నిండుగా ఉంచండి, సగం ఖాళీ అయితే చిన్న సీసాలోకి మార్చండి. బాదం నూనెతో చేసిన డబ్బా ఆరు నెలల్లోపు వాడేయండి, జొజోబా ఇంకా ఎక్కువ ఆగుతుంది. పాత నూనె మగ్గిన వాసన మొదలైతే తేనె దాన్ని కప్పలేదు, పారేయండి. నోట్‌బుక్‌లో తేదీతో పాటు ఆ రోజు ఎండా, వానా, చలా అన్నది కూడా రాసుకోండి. అదే అకార్డ్ జనవరిలో తక్కువగా, జూన్‌లో మితిమీరి తెలుస్తుంది. రెండు కాలాల్లోనూ ఒకసారి పట్టీ పెట్టి చూశాకే మీ మిథైల్ సంఖ్యను ఖాయం చేసుకోండి.